బసాల్టును కరిగించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

శిలాద్రవం స్నిగ్ధతను (చిక్కదనాన్ని) కొలవాలన్నా, దాన్ని ఒక్కసారిగా చల్లార్చి గాజుగా మార్చి అందులోని అణువుల అమరికను రామన్ వర్ణపటంలో (లేజరు కాంతి పడి చెదిరినప్పుడు వచ్చే వర్ణపటంలో) చదవాలన్నా, ముందు రాతిని సుమారు 1,400 డిగ్రీల సెల్సియస్ వరకు కాచి కరిగించక తప్పదు. ఈ పనిలో ఎదురయ్యే ప్రమాదానికి రాతిని ఎంచుకునేటప్పుడే బీజం పడుతుంది.

రాజమహేంద్రవరం దగ్గరి కాటేరు, పంగిడి లావా పొరల వంటి దక్కన్ బసాల్టులో (లావా గట్టిపడి ఏర్పడిన నల్లరాతిలో) పూర్వపు వాయుబుడగల ఖాళీలను తరచుగా జియోలైట్లు, కాల్సైటు అనే ఖనిజాలు నింపి ఉంటాయి. వేడి తగలగానే జియోలైటు నీటిని, కాల్సైటు కార్బన్ డయాక్సైడును వదలడంతో ద్రవం పాలపొంగులా పొంగి మూస (రాతిని కరిగించే ప్లాటినం పాత్ర) అంచు దాటి కొలిమి లోపలి పూతను తినేస్తుంది. కాబట్టి అటువంటి ముక్కలను ఏరివేసి, పొడిని ముందుగా 1,000 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, మూసను సగానికి మించి నింపకుండా కరిగించాలి. పొడి చేసేటప్పుడు సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకుండా తగిన మాస్కు ధరించాలి.

ప్లాటినం 1,768 డిగ్రీల వరకు కరగదు కనుక మూస భద్రమని నమ్మకూడదు. ద్రవంలోని ఇనుము మూసలోకి చేరిపోతే మనం కొలిచే స్నిగ్ధత అసలు రాతిది కాకుండా పోతుంది; అందుకే మూసను ముందుగా ఇనుముతో సంతృప్తం చేస్తారు. గ్రాఫైటు ముక్క, సల్ఫైడు ఖనిజం పొరపాటున పడినా మూస అడుగు చిల్లు పడవచ్చు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది చల్లని కొలిమితో చేసే సాధన. ఖాళీ మూసను పటకారుతో తీసి, తిప్పి, ఒంపి, తిరిగి పెట్టే క్రమాన్ని ఇద్దరు కలిసి చేతులకు అలవాటయ్యేదాకా చేయాలి. ఎందుకంటే ఎర్రగా మండే మూస చేతిలో ఉన్నప్పుడు ఆలోచించే వ్యవధి ఉండదు. పరారుణ కిరణాలను ఆపే కళ్లద్దాలు, నూలు దుస్తులు, వేడిని తట్టుకునే చేతి తొడుగులు తప్పనిసరి. పాలిస్టరు నిప్పుకు కరిగి చర్మానికి అంటుకుంటుంది.

ద్రవాన్ని పోసే ఉక్కు పలక మీద తడి చుక్క కూడా ఉండరాదు. ద్రవం కింద చిక్కిన నీరు క్షణంలో ఆవిరై పేలి ద్రవాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. నీటిలో చల్లార్చవలసి వస్తే కొద్దికొద్దిగానే ఒంపాలి. గట్టిపడిన గాజులోని ఒత్తిడి వల్ల అది కొన్ని నిమిషాల తర్వాత కూడా చిటపటమని పగిలి ఎగురుతుంది గనుక, పూర్తిగా చల్లారేవరకు కళ్లద్దాలు తీయకూడదు.