ఎంత రుద్దినా అల్యూమినియం మెరవడం లేదా? ముందు గుడ్డ చూడండి

కారు అల్యూమినియం భాగాలకు మెరుపు రాలేదని ఇంకో డబ్బా పాలిష్ కొనేముందు చేతిలో ఉన్న గుడ్డను చూడండి. ఒట్టి అల్యూమినియాన్ని పాలిష్‌తో రుద్దితే గుడ్డ నల్లబడి తీరుతుంది. నల్లబడలేదంటే మీరు రుద్దుతున్నది లోహాన్ని కాదు, దాని మీది పొరను. ఇది చూసుకోకుండా పాలిష్‌ను తిట్టేవాళ్లే ఎక్కువ.

సమస్య: గుడ్డ నల్లబడదు, మెరుపు రాదు

ఇంజన్ కవర్లు, అలాయ్ చక్రాల మీద సాధారణంగా లాకరో (పారదర్శకమైన వార్నిష్ లాంటి పూత) పౌడర్ కోటింగో (పొడి చల్లి వేడితో కరిగించి అంటించిన రంగు) ఉంటుంది. పెయింట్ రిమూవర్ పూయండి, ముడతలు పడి లేచాక ప్లాస్టిక్ పట్టీతో గీకేయండి. మూలల్లో మిగిలినదానికి ఇంకోసారి పూయండి. పౌడర్ కోటింగ్‌కు ఓపిక ఎక్కువ కావాలి, అంతే.

ఎన్నిసార్లు పూసినా ఒక్క ముడతా రాకపోతే అసలు దొంగ దొరికినట్టే: అనోడైజింగ్. కిటికీల చుట్టూ ఉండే పట్టీలు, రూఫ్ రెయిళ్ల మీద ఇది మామూలు. ఇది పైన పూసిన రంగు కాదు, విద్యుత్తుతో లోహం పైభాగాన్నే ఆక్సైడుగా మార్చిన పొర. అందుకే రిమూవర్‌కూ థిన్నర్‌కూ లొంగదు. పైగా వెండి రంగులోనే ఉంటుంది కాబట్టి ఒట్టి లోహమే అనిపిస్తుంది. నన్నూ బాగా ఏడిపించింది ఇదే. ఎమెరీ కాగితం మీది రేణువులు కూడా చాలావరకు అల్యూమినియం ఆక్సైడే, కాబట్టి కాగితంతో గెలవడం కష్టం. అంచుల్లో ముందు అరిగి మెరుస్తుంది, మధ్యలో మసకగా ఉండిపోతుంది.

తేల్చుకోవడానికి మల్టీమీటర్ (కరెంటు కొలిచే చిన్న పరికరం) చాలు. కరెంటు పారితే మోగే బజర్ మీద పెట్టి, రెండు ప్రోబులనూ (వైర్ల చివరి పుల్లలు) పక్కవాటుగా ఉపరితలానికి ఆనించండి. ఒట్టి లోహమైతే మోగుతుంది, ఆక్సైడు పొర కరెంటును పారనివ్వదు. మొనతో గుచ్చితే పొర చీలి బజర్ మోగుతుంది, మోసపోతారు. లాకర్ పూర్తిగా పోయాక కూడా మోగలేదంటే అనోడైజింగే.

పరిష్కారం కాస్టిక్ సోడా. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు నీళ్లకు సుమారు 50 గ్రాములు. సోడాను నీళ్లలో పోయాలి గానీ సోడా మీద నీళ్లు పోయకూడదు. రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వెలువడేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. స్క్రూలు, క్లిప్పులు ముందే విప్పేయండి. భాగాన్ని ముంచాక కాసేపు పెద్దగా ఏమీ జరగదు. పొర కరిగిపోగానే ఒళ్లంతా బుడగలు లేస్తాయి. అప్పుడే తీసి ధారగా కడగండి. అక్కడే వదిలేసి టీ తాగడానికి వెళ్తే సోడా లోహాన్నే తినేస్తుంది. మీద మిగిలిన బూడిద రంగు మసిని చూసి కంగారుపడొద్దు, పాలిష్‌తో పోతుంది.

సమస్య: మెరిసింది, కానీ ఎండలో గీతలు కనిపిస్తున్నాయి

వాటర్ పేపర్‌లో (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నునుపు) మెట్లు దాటేశారు. 400, 600, 800, 1000, 1500, 2000, ఈ వరుసలో ప్రతిసారీ దిశ మార్చి, పాత గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి దానికి వెళ్లండి. 400 తర్వాత నేరుగా బఫింగ్ చక్రం (పాలిష్ పట్టే, తిరిగే గుడ్డ చక్రం) పెడితే మెరిసే గీతలు వస్తాయి, అంతే.

సమస్య: కొన్నాళ్లకే మసకబారింది

సహజం. పొర తీసేశారు కాబట్టి ఇక కాపలా లేదు. మైనం పూస్తూ ఉండండి, లేదా మళ్లీ లాకర్ వేయించండి.

ఒక్కోసారి పోత పోసిన లోహంలోనే సన్నని రంధ్రాలు ఉండొచ్చు, లేదా అల్యూమినియం మీద క్రోమ్ పూత ఉండొచ్చు. మొదటిది అలాగే వదిలేయండి, రెండోది ప్లేటింగ్ పనివాళ్లకు ఇవ్వండి. చక్రాల మీది పూతను మాత్రం బ్లో టార్చితో కాల్చి తీయొద్దు. వేడికి లోహం బలం తగ్గిపోతుంది.