ఆయాసంతో నడక – మూడవ పాఠం: దిగేవాళ్లను దిగనివ్వండి

రెండో పాఠంలో మొదలుపెట్టిన పుస్తకం తెరిచి ముందు పెట్టుకోండి. వారం రోజులు వరండాలో రెండేసి నిమిషాలు నడిచి, ఆగిన వెంటనే ఆయాసానికి 0 నుంచి 10 లోపు ఒక అంకె వేయమన్నాను కదా. ఆ అంకెలు 3, 4 దగ్గరే ఉంటే ఈ పాఠంలోకి రండి. 5 దాటినవి ఎక్కువగా కనిపిస్తే నడక వేగం తగ్గించి ఇంకో వారం అక్కడే ఉండండి. ఎవరూ మార్కులు వేయడం లేదు.

మొదటి రెండు పాఠాలు కాళ్ల గురించి. ఇది భయం గురించి.

నా దగ్గర ఫిజియోథెరపీకి వచ్చిన ఒక పెద్దాయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఏళ్ల తరబడి బీడీలు కాల్చి మానేసిన మనిషి. సీఓపీడీ, అంటే గాలిగొట్టాలు సన్నబడి ఊపిరి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలిక జబ్బు. ఊపిరి పరీక్షలో ఆయన కంటే తక్కువ అంకెలు వచ్చినవాళ్లు రైతుబజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చుకుంటుంటే, ఈయన ఎనిమిది నెలలుగా గడప దాటలేదు. ఎందుకని అడిగితే మొదట మోకాళ్లన్నారు, తర్వాత ఎండన్నారు. మూడో రోజు అసలు సంగతి బయటపడింది. సందు చివరి టీ కొట్టుకు వెళుతుంటే మధ్యలో ఆయాసం వచ్చి కరెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డారట. చుట్టూ జనం చేరారు. ఒకరు నీళ్లు తాగమంటారు, ఒకరు గుండెపోటంటారు, ఇంకొకరు ఆటోను కేకేస్తారు. “ఆ రోజే పోతాననుకున్నానండీ. పోలేదు. కానీ మళ్లీ ఆ స్తంభం దాకా వెళ్లే ధైర్యం చాలలేదు” అన్నారు.

ఎనిమిది నెలలు కుర్చీలో కూర్చుంటే తొడ కండరాలు కరిగిపోతాయి. బలం తగ్గిన కండరం అదే నాలుగడుగులకు ఎక్కువ గాలి అడుగుతుంది. అంటే ఆయాసానికి భయపడి కూర్చున్నందుకు ఆయాసమే పెరుగుతుంది. ఇంట్లోవాళ్లు కూడా ప్రేమకొద్దీ “మీరు లేవకండి, మేం తెస్తాం” అని మంచినీళ్ల గ్లాసు దగ్గరనుంచి చేతికందిస్తారు. మనిషికి చేసే పని లేదు, వెళ్లే చోటు లేదు. దిగులు పట్టడానికి ఇంకేం కావాలి?

ఇప్పుడు ఆ స్తంభం దగ్గర ఛాతీలో ఏం జరిగిందో చూద్దాం. ఈ జబ్బులో గాలి లోపలికి వెళ్లడం కంటే బయటకు రావడమే కష్టం. ఊపిరి వదిలేటప్పుడు సన్నటి గాలిగొట్టాలు ముందే మూసుకుపోయి, కొంత పాత గాలి లోపలే చిక్కుకుంటుంది. భయం వేస్తే ఏం చేస్తాం? గబగబా పీలుస్తాం. వదలడానికి వ్యవధి ఇంకా తగ్గుతుంది, పాత గాలి ఇంకా పేరుకుంటుంది, ఛాతీ బిగుసుకుంటుంది, కొత్త గాలికి చోటుండదు. దాంతో భయం రెట్టింపు.

ఇదంతా ఆయనకు బొమ్మ గీసి చెప్పబోతుంటే మధ్యలోనే ఆపారు. “బస్సే కదండీ. దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు తోసుకొస్తే ఎవరూ కదలరు. దిగేవాళ్లను దిగనివ్వండి, తర్వాత ఎక్కండి అని ఉద్యోగమంతా అరుస్తూనే ఉన్నాను.” అప్పటినుంచి నేను బొమ్మ గీయడం మానేశాను.

కాబట్టి ఈ వారం నేర్చుకోవలసింది ఒక్కటే. ఆయాసాన్ని కావాలని కొంచెం తెచ్చుకోవాలి, తెచ్చుకున్నదాన్ని మీరే దించుకోవాలి.

మొదట కుర్చీలో. భుజాలు వదులుగా, పాదాలు నేలకు ఆనించి కూర్చోండి. నోరు మూసి ముక్కుతో ఒకటి, రెండు అని లెక్కిస్తూ మామూలుగా పీల్చండి. ఛాతీ నిండా లాగవద్దు. తర్వాత వేడి పాలు ఊదుకునేటప్పుడు పెదవులు ఎలా గుండ్రంగా చేస్తామో అలా చేసి, ఒకటి నుంచి నాలుగు దాకా లెక్కిస్తూ మెల్లగా వదలండి. బుగ్గలు ఉబ్బేలా బలంగా ఊదితే లాభం లేదు. ఎదురుగా దీపం ఉంటే మంట వంగాలి కానీ ఆరిపోకూడదు. సన్నని పెదవుల మధ్యనుంచి గాలి మెల్లగా వెళితే లోపల కొంచెం ఒత్తిడి నిలిచి గొట్టాలు తెరుచుకుని ఉంటాయి. దిగేవాళ్లకు తలుపు తీసి పట్టుకున్నట్టు. ఇలా రోజుకు రెండు పూటలా ఐదేసి నిమిషాలు. ప్రాణాయామం తెలిసినవారు కపాలభాతినీ, ఊపిరి బిగబట్టడాన్నీ ఇందులో కలపకండి. మన అవసరం వేరు.

రెండు రోజులయ్యాక నడకలో. రెండడుగులకు పీల్చడం, నాలుగడుగులకు వదలడం. దారిలో ప్రతి పది, పదిహేను గజాలకు చేయి ఆనించే చోటు ఉండాలి: గోడ, అరుగు, కుర్చీ. ఆయాసం 4కు చేరేదాకా నడవండి. అంటే మాట్లాడగలరు కానీ మధ్యలో ఊపిరి కోసం ఆగాలి. అక్కడ ఆగి, గోడ వైపు తిరిగి, ముంజేతులు గోడకు ఆనించి కొంచెం ముందుకు వంగండి. కుర్చీ ఉంటే కూర్చుని మోచేతులు తొడల మీద పెట్టండి. చేతులకు ఆనిక దొరికితే భుజం, మెడ కండరాలు ఊపిరికి సాయం వస్తాయి. గడియారం చూసుకోండి. పాలు ఊదే ఊపిరి. అంకె 2కు దిగేసరికి ఎంతసేపు పట్టిందో చూడండి.

పుస్తకంలో ఇప్పుడు మూడు గళ్లు గీయాలి. ఎంత నడిచాను, దిగడానికి ఎంతసేపు పట్టింది, ఆగినప్పుడు మనసులో ఏం మెదిలింది. మూడో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, నాకు కావలసింది మాత్రం అదే. సగం జీవితం కట్టెల పొయ్యి ముందు గడిపిన ఒకామె మొదటిరోజు “ఊపిరి ఆగిపోతుంది” అని రాసుకున్నారు, పక్కగడిలో నాలుగు నిమిషాలు. ఆరో రోజు “ఆగిపోతుందేమో”, మూడు నిమిషాలు. పదో రోజు “పొయ్యి మీద పాలు”, రెండున్నర. ఆమె ఊపిరితిత్తులేమీ మారలేదు. మారవు కూడా, ఆ అబద్ధం నేను చెప్పను. భయం కూర్చునే చోట పాలగిన్నె కూర్చుంది, అంతే.

మీరు వేస్తున్న ఈ అంకెల కొలబద్దను తయారుచేసిన గున్నార్ బోర్గ్ ఊపిరితిత్తుల వైద్యుడు కాదు, స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త. ఒకప్పుడు వైద్యులు ఈ జబ్బుకు విశ్రాంతే రాసేవారు. 1952లో అమెరికాలో ఆల్వన్ బరాక్ అనే వైద్యుడు రోగులను నడిపించాలన్నారు. 2015లో 65 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో వ్యాయామం చేసినవారికి ఆయాసం, అలసట తగ్గడంతో పాటు మనసూ కుదుటపడింది. జబ్బు మీద పట్టు దొరికిందన్న భావన కూడా పెరిగింది. ఆ పట్టును వారు విడిగా కొలిచారు. మనం గడియారంతో కొలుస్తున్నది కూడా దాదాపు అదే.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఆయాసంలో ఉన్న మనిషిని “ఏమైంది, ఎలా ఉంది” అని అడగకండి. జవాబు చెప్పాలంటే ఊపిరే ఖర్చు పెట్టాలి. ముందే ఒక సైగ అనుకోండి: చేయి పైకెత్తితే బాగానే ఉన్నాను, తగ్గుతోంది అని. పక్కన నిలబడి మీరు కూడా పాలు ఊదినట్టు మెల్లగా ఊపిరి వదలండి, వాళ్లది దానికదే మీ లయలోకి వస్తుంది. ఫ్యాను గాలి ముఖానికి తగిలేలా తిప్పితే ఇంకా మంచిది.

ఎప్పుడు చేయకూడదో కూడా తెలియాలి. జ్వరం ఉన్నా, కఫం రంగు మారినా, మామూలు కంటే ఎక్కువగా పడుతున్నా నడక మాని డాక్టరును కలవండి. నడుస్తుండగా ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, పెదవులు నీలిరంగుకు రావడం, లేదా వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరులో 88 కంటే తక్కువ చూపడం: వీటిలో ఏది కనిపించినా ఆపాలి. గోళ్లరంగు ఉన్నా, వేళ్లు చల్లగా ఉన్నా మీటరు తప్పు చూపవచ్చు. ఆయాసానికి వెంటనే వాడమని డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరు జేబులోనే ఉండాలి, అలమరలో కాదు. విశ్రాంతికీ, ఇన్‌హేలరుకూ దిగని ఆయాసం భయం వల్ల వచ్చింది కాదు, ఆసుపత్రికి వెళ్లాల్సింది. ఆక్సిజన్ మీద ఉన్నవారు, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి. చలికాలం తెల్లవారుజామున మంచూ, చెత్త కాల్చిన పొగా కలిసి ఉంటాయి; ఎండ ఎక్కాక నడవండి.

రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, నిద్ర పట్టకపోయినా, బతకడం దండగ అనిపిస్తున్నా అది నడకతో ఒక్కటే తీరేది కాదు. డాక్టరుకు ఆయాసం గురించి చెప్పినంత మామూలుగా ఇదీ చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

కండక్టరు గారు మూడో వారం స్తంభం దాకా వెళ్లారు. కావాలనే అక్కడ ఆగి, స్తంభానికి చేయి ఆనించి, చూసేవాళ్లను చూడనిచ్చి, గడియారం చూసుకున్నారట. ఆ రోజు టీ కొట్టుకు మాత్రం వెళ్లలేదు. “ఇవాళ్టికి ఈ స్టాపు దాకే టికెట్టు” అన్నారు.

వచ్చే పాఠం మెట్లు. పుస్తకంలో పది వరుసలు నిండి, మూడో గడిలో ఒక్కటీ ఖాళీ లేకపోతేనే అది మొదలుపెట్టండి.