చీజ్-అనాస పుల్లలు: డిసెంబరు 31 విందుకు ముందు జాగ్రత్తలు

చీజ్‌ను గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదు. చీజ్, అనాస ముక్కలను పుల్లకు గుచ్చే ఈ వంటకంలో ఏ దశలోనూ పొయ్యి వెలిగించము కనుక, పెరిగిన సూక్ష్మజీవులు అలాగే అతిథి నోటికి చేరతాయి. సగం ఫ్రిజ్‌లోనే ఉంచి, విడతలుగా వడ్డించడం మేలు.

తాజా అనాసలోని బ్రోమెలైన్ అనే ఎంజైము పాల మాంసకృత్తులను విడగొట్టి చేదు పుట్టిస్తుంది కనుక, ముక్కలను సరిగ్గా వడ్డించబోయే ముందు మాత్రమే పుల్లకు గుచ్చాలి. డబ్బా అనాసను తయారీలో వేడిచేస్తారు గనుక ఆ బెడద లేదు; అయితే పాకం వార్చి, ముక్కలను పొడిగుడ్డతో అద్దకపోతే చీజ్ జారుతుంది, పళ్లెం అడుగున తీపి నీరు చేరుతుంది.

చీజ్ దిమ్మను చల్లగా ఉన్నప్పుడే కోయాలి; మెత్తబడితే ముక్క ఆకారం చెడుతుంది.

శాకాహారులు వస్తుంటే పొట్లంపై పచ్చచుక్క చూడాలి. కొన్ని విదేశీ చీజ్‌లలో దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం) వాడతారు, ఇది చాలామంది గమనించరు.

పసిపిల్లలకు పుల్ల తీసి ఇవ్వాలి.