రోజూ నడిపే స్పోర్టీ కారుకు లోయరింగ్ స్ప్రింగులు ఎంచుకోవడం ఎలా

నెల్లూరు, ఒంగోలు వీధుల్లో పోలో, వర్టస్, స్లావియా, ఐ20 ఎన్ లైన్ వంటి చురుకైన కార్లు ఇప్పుడు అరుదేమీ కాదు. వాటిని కొన్నవారిలో చాలామందికి కొన్నాళ్లు తిరిగేసరికి బండిని కాస్త కిందికి దించాలన్న కోరిక కలుగుతుంది. టైరుకూ ఫెండరుకూ మధ్య కనిపించే ఖాళీని చూస్తే ఆ కోరిక సహజమే. అయితే ఆ ఖాళీ అందానికి వచ్చిన లోపం కాదు. గుంతలో పడి లేచేటప్పుడు చక్రం పైకి కదలడానికి కంపెనీ వదిలిన చోటు. లోయరింగ్ స్ప్రింగు కొనడమంటే ఆ చోటులో కొంత వదులుకోవడమే. ఎంత వదులుకోగలమో తేల్చుకున్న తరువాతే ఏ బ్రాండు, ఏ ధర అన్న ప్రశ్న రావాలి.

అందువల్ల ముందు కొలతలు తీసుకోవాలి. నేల సమంగా ఉన్నచోట బండిని ఆపి, చక్రం మధ్య నుంచి నిట్టనిలువుగా ఫెండరు అంచు దాకా నాలుగు మూలలా టేపుతో కొలిచి రాసుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైరులోని గాలి, టైరు అరుగుదల కూడా లెక్కలో కలిసిపోతాయి. ఒకసారి ఖాళీ బండితో, మరోసారి ఇంటిల్లిపాదీ కూర్చుని డిక్కీలో సామాను పెట్టాక కొలవడం అవసరం. ఎందుకంటే శనివారం అయిదుగురు కలిసి మాలకొండకు బయలుదేరినా, సోమవారం ఒక్కరే ఆఫీసుకు వెళ్లినా బండి ఆ స్ప్రింగుల మీదే నడవాలి.

తరువాత చేయవలసిన పరీక్ష చిన్నదే అయినా ఎంతో చెబుతుంది. ముందు చక్రం దగ్గర షాక్ అబ్జార్బర్ మీది రబ్బరు తొడుగును పైకి జరిపితే మెరిసే రాడ్డు కనిపిస్తుంది. దాని చుట్టూ సన్నని ప్లాస్టిక్ టై ఒకటి, తనంతట తాను జారిపోనంత బిగువుగా కట్టి, షాక్ అబ్జార్బర్ సిలిండరును తాకేదాకా కిందికి నెట్టాలి. ఆపైన రోజూ వెళ్లే దారిలో, రోజూ వెళ్లే వేగంతోనే నడిపి రావాలి. సస్పెన్షన్ నొక్కుకున్న ప్రతిసారీ సిలిండరు ఆ టైని పైకి నెడుతుంది కాబట్టి, చివరికి టై ఆగిన చోటు నుంచి పైన ఉన్న బంప్ స్టాప్ (కదలిక చివర దెబ్బను ఆపే మెత్తని దిమ్మ) దాకా ఎంత మిగిలిందో అదే మన దగ్గర ఉన్న అసలు నిల్వ. అక్కడ 15 మిల్లీమీటర్లే మిగిలితే, 30 మిల్లీమీటర్లు దించే స్ప్రింగు, కాస్త గట్టిదైనా సరే, ఆ దారిలో బండిని మాటిమాటికీ బంప్ స్టాప్ మీదికి తెస్తుంది. కృష్ణపట్నం రేవు లారీలు నడిచే ముత్తుకూరు దారిలోనో, గ్రానైట్ దిమ్మెలు మోసే లారీలు తిరిగే చీమకుర్తి దారిలోనో రోజూ వెళ్లేవారికీ, కావలి నుంచి నెల్లూరుకు 16వ నంబరు జాతీయ రహదారి మీదే తిరిగేవారికీ ఈ పరీక్షలో ఒకే జవాబు రాదు.

ఈ నిల్వకు ఇంత విలువ ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. స్ప్రింగు తనలో దాచుకోగల శక్తి దాని గట్టిదనాన్ని బట్టి, అది నొక్కుకునే దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బండి నిలబడిన ఎత్తు నుంచి స్టాప్ దాకా 80 మిల్లీమీటర్ల కదలిక ఉందనుకుందాం. 30 మిల్లీమీటర్లు దించితే మిగిలేది 50. అదే దెబ్బను స్ప్రింగు ఒక్కటే ఆపాలంటే దాని గట్టిదనం సుమారు రెండున్నర రెట్లు కావాలి. 20 మిల్లీమీటర్లే దించితే ఒకటిన్నర రెట్లు దాటి 1.8 దగ్గర ఆగుతుంది. మార్కెట్లో దొరికే లోయరింగ్ స్ప్రింగులు సాధారణంగా అంత గట్టివి కావు, కారణం అంత గట్టిదనంతో రోజూ ప్రయాణించలేం. కాబట్టి ఆ తేడాను బంప్ స్టాప్, షాక్ అబ్జార్బర్ భరించవలసి వస్తుంది. రోజూ నడిపే బండిని మన జిల్లాల రోడ్ల మీద 20 నుంచి 25 మిల్లీమీటర్లకు మించి దించకూడదన్న నా అభిప్రాయానికి ఈ లెక్కే ఆధారం. 40 మిల్లీమీటర్ల కిట్లు ఫొటోల్లో ఎంత బాగున్నా వాటిని వీధి బండికి సిఫారసు చేయలేను.

ఇక్కడే చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. ఐబాక్, హెచ్ అండ్ ఆర్ వంటి జర్మన్ సంస్థల జాబితాల్లో కనిపించే దించుడు కొలత ఆయా దేశాల్లో అమ్మిన కారు ఎత్తు మీద లెక్కించినది. యూరప్ మూలాలున్న కార్లలో చాలావాటిని మన దేశంలో ఇక్కడి రోడ్ల కోసం ఎత్తు పెంచి అమ్ముతారు. అదే పేరున్న కారు కదా అని ఆ స్ప్రింగు తెప్పించుకుంటే, జాబితాలో 25 అని ఉన్నది ఇక్కడ అంతకంటే ఎంతో ఎక్కువ దించవచ్చు. పైగా పెట్రోలు బండికీ డీజిల్ బండికీ, మాన్యువల్‌కూ ఆటోమేటిక్‌కూ ముందు ఇరుసు మీద పడే బరువు వేరు. మంచి తయారీదారులు ఏ స్ప్రింగు ఎంత ఇరుసు బరువు దాకా పనికివస్తుందో ముద్రిస్తారు. ఆ అంకెను మన బండితో పోల్చి చూడకుండా డబ్బు కట్టవద్దు. మన దేశపు మోడల్ కోసమే చేశామని లిఖితంగా చెప్పే అమ్మకందారు దొరికితే అతనికే ప్రాధాన్యం ఇవ్వండి.

స్ప్రింగు గట్టిదనాన్ని మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లు అని చెబుతారు. ఒక మూలన చక్రం మీద 300 కిలోల బరువు ఉండి, చక్రం దగ్గర గట్టిదనం 20 అయితే బండి సెకనుకు దాదాపు 1.3 సార్లు ఊగుతుంది. గట్టిదనాన్ని 30 శాతం పెంచి 26 చేస్తే అది దాదాపు 1.5కు చేరుతుంది. ఇది చురుకుదనం తెలిసేంత మార్పు, వెనుక సీట్లో కూర్చున్న పెద్దవారికి నడుము నొప్పి తెచ్చేంత మార్పు కాదు. అయితే స్ప్రింగు 30 శాతం గట్టిపడితే, ఆ ఊపును మునుపటిలాగే అణచడానికి షాక్ అబ్జార్బర్ శక్తి కూడా సుమారు 14 శాతం పెరగాలి. కొత్త షాక్ అబ్జార్బర్లు ఆ కాస్త భారాన్ని మోస్తాయి. అరవై వేల కిలోమీటర్లు తిరిగి అలసినవి మోయలేవు, ఒక్క గతుకు దాటాక బండి రెండు మూడు సార్లు ఊగుతూనే ఉంటుంది. అలాంటి బండికి స్ప్రింగులతోపాటే షాక్ అబ్జార్బర్లు, బంప్ స్టాపులు, పైన ఉండే మౌంట్ బేరింగులు కూడా మార్చే ఖర్చు లెక్కలో పెట్టుకోవాలి.

ప్రోగ్రెసివ్ స్ప్రింగులో చుట్లు ఒకవైపు దగ్గరగా, మరోవైపు ఎడంగా ఉంటాయి. మొదట మెత్తగా ఉండి లోతుకు వెళ్లేకొద్దీ గట్టిపడుతుంది. రోజువారీ వాడకానికి ఇదే నయం.

ఎక్కువ దించితే మలుపుల్లో బండి మెరుగవుతుందన్నది అన్నివేళలా నిజం కాదు. ముందు స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకటిగా ఉండే అమరిక) ఉండే కార్లలో కింది ఆర్మ్, అంటే చక్రాన్ని బండి చట్రానికి కలిపే కడ్డీ, నేలకు సమాంతరమైన గీతను దాటి చక్రం వైపు పైకి వాలితే, మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ కేంద్రం బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి దిగుతుంది. అప్పుడు ఆ రెండింటి మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి స్ప్రింగు గట్టిదైనా ఒరగడం ఆశించినంత తగ్గదు.

బిగించాక వెనుక రెండు చక్రాలూ గాలిలోకి లేచేలా జాకీ మీద ఎత్తించి, వెనుక స్ప్రింగును చేత్తో తిప్పి చూడాలి. ఈ తరగతి కార్లలో ఎక్కువగా వెనుక స్ప్రింగు షాక్ అబ్జార్బరుకు దూరంగా, ఇరుసు మీద విడిగా కూర్చుంటుంది. చేతికి తిరిగిందంటే అది మరీ పొట్టిది. స్పీడ్ బ్రేకర్ మీద చక్రం వేలాడినప్పుడు తాను కూర్చునే సీటు నుంచి పక్కకు జరుగుతుంది. ఆ స్ప్రింగును తిప్పి పంపేయాలి. ఉన్న స్ప్రింగునే కోసి చుట్టు తగ్గించడం, గ్యాస్ మంటతో కాల్చి కూర్చోబెట్టడం అనే షెడ్డు పనులకు ఎంత చవకైనా ఒప్పుకోకండి. కోసిన కొన సీటులో కుదురుకోదు, కాల్చిన ఉక్కు తన పదును కోల్పోతుంది.

కోడూరు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలిలో తిరిగే బండ్లకు స్ప్రింగు మీది పూత ముఖ్యం. రాయి తగిలి పూత ఊడిన చోట ఉప్పు తుప్పు పట్టి, ఆ తుప్పు నుంచే పగులు మొదలవుతుంది.

చట్టం విషయం కూడా తెలిసి ఉండాలి. రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చంటుంది. కనుక రవాణా శాఖ కార్యాలయాన్నీ, బీమా సంస్థనూ, వారంటీ ఉంటే డీలరునూ ముందే లిఖితంగా అడగాలి.

పనిని స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న మెకానిక్‌కే అప్పగించాలి, నొక్కి ఉన్న స్ప్రింగు జారితే ప్రాణాపాయం. ఆర్మ్‌ల బుష్ (కీలులోని రబ్బరు) బోల్టులను బండి చక్రాల మీద నిలబడి ఉండగానే చివరిగా బిగించమనండి. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు సర్దుకున్నాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, ముఖ్యంగా టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిగా లేకపోతే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. ముందు, వెనుక సమంగా దిగకపోతే హెడ్‌లైట్ల వాలు మారుతుంది కాబట్టి దాన్నీ సరిచేయించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు నెల్లూరులో అండర్ బ్రిడ్జిల కింద నీరు నిలిచినప్పుడు, ఇంజను గాలి పీల్చుకునే నోరు ఇప్పుడు మునుపటికంటే 25 మిల్లీమీటర్లు కిందికి వచ్చిందని లెక్క వేసుకుని, పక్క బండి దాటిన నీటిలోకైనా సరే దిగే ముందు ఆగి లోతు చూసుకోవాలి.