సామెతలు వాడే తీరు – 6వ పాఠం: వసుదేవుడు, గాడిద కాళ్లు

కిందటి పాఠంలో 'ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు' చూశాం. అది అవసరం తీరాక మనిషి మారే తీరు. ఈసారి అవసరం నెత్తిన పడ్డప్పటి సంగతి: 'అవసరానికి వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడు.'

కథ మీరు వినే ఉంటారు. మథురలో, కంసుడి చెరలో అష్టమి అర్ధరాత్రి కృష్ణుడు పుట్టాడు. తెల్లారేలోగా బిడ్డను వ్రేపల్లె చేర్చాలి. గాడిద ఓండ్ర పెట్టిందా, కాపలావాళ్లు లేస్తారు. అరవొద్దని వసుదేవుడు దాని కాళ్లు పట్టుకున్నాడట. భాగవతంలో వెతక్కండి. సంకెళ్లు ఊడటం, తలుపులు తెరుచుకోవడం, యమున దారివ్వడం అక్కడున్నాయి, గాడిద మాత్రం లేదు. అది జనం చేర్చుకున్న ముచ్చట. నన్నడిగితే మొత్తం కథలో బాగా పండింది అదే.

'అప్పు తీర్చడానికి పొలం అమ్ముకున్నాడు, అవసరానికి వసుదేవుడంతటివాడు...' అంటే అతకదు. పొలం పోయింది సరే, తల వంచింది ఎవరి ముందు? అభిమానం గల మనిషి, మామూలప్పుడైతే గడప తొక్కని వాడి దగ్గరికి వెళ్లాల్సి వస్తేనే ఈ సామెతకు చోటు. ఉన్నదాంతో సర్దుకోవడానికి వేరే సామెత ఉంది: గతిలేనమ్మకు గంజే పానకం.

ఈ మాటలు చూడండి.

"గోడ తగాదా అయినప్పట్నుంచీ మాటల్లేవుగా, ఆయనింటికే వెళ్లావా బావా?"

"ఏం చెయ్యను బావా! బంతి వేసే వేళకి గ్యాస్ అయిపోయింది. సిలిండర్ ఉన్నది ఆయన దగ్గరే. వసుదేవుడంతటివాడికే తప్పలేదు!"

సామెత సగంలోనే ఆగింది, గమనించారా? మిగతా సగం వినేవాడే పూరించుకుంటాడు. పైగా అలా ఆపడంలో జాగ్రత్త కూడా ఉంది. తనను వసుదేవుణ్ణి చేసుకున్నవాడు సాయం చేసినవాణ్ణి గాడిదను చేసినట్టే కదా! అందుకే ఇది ఆ మనిషి చెవిన పడకూడని సామెత. 'తప్పక మీ దగ్గరికొచ్చానండీ, అవసరానికి వసుదేవుడంతటివాడు...' అంటూ అప్పు అడిగితే అప్పు పుట్టదు సరికదా, ఉన్న మర్యాదా పోతుంది. ఆఫీసు మెయిల్లో అసలే వద్దు, అది ఎవరికి ఫార్వర్డ్ అవుతుందో చెప్పలేం.

అభ్యాసం. కింది సందర్భాల్లో దేనికి ఏ సామెత?

1. కాఫీపొడి నిండుకుంది. మిగిలిన టీపొడితోనే చుట్టాలకు మర్యాద చేశారు.
2. నిన్నటిదాకా సభల్లో తిట్టిపోసిన నాయకుడి ఇంటికే టికెట్ కోసం వెళ్లాడు.
3. కొడుక్కి సీటు రాగానే, ఇప్పించినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

రెండోదానికి సంభాషణ కూడా రాయండి. సామెత ఎవరు అంటున్నారో, ఎవరు వింటున్నారో స్పష్టంగా తెలియాలి. జవాబులు 7వ పాఠంలో.