గ్వాటెమాలా కొండ సంతల్లో మాయా నేత: నెల్లూరు నుంచి బయలుదేరేవారికి ఒక మార్గదర్శిని

వెంకటగిరి చీర కొనేటప్పుడు కొంగు తిరగేసి, బుటా వెనుకవైపు ఎలా ఉందో చూసిన తరువాతే ధర అడగాలని నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్ళలో పెద్దవాళ్ళు చెబుతూ ఉంటారు. ఆ చూపు అలవడినవారు మధ్య అమెరికాలోని గ్వాటెమాలా కొండ ప్రాంతానికి వెళితే మామూలు పర్యాటకుల కంటికి అందనివి ఎన్నో చూడగలుగుతారు. 2018 జనగణన ప్రకారం ఆ దేశ జనాభాలో దాదాపు 42 శాతం మాయా ప్రజలు. కిచే, కక్చికెల్, త్సుతుహిల్, మామ్ వంటి భాషలు మాట్లాడే ఈ ప్రజలలో ఎందరో స్త్రీలు ఈనాటికీ తమ ఊరి నేత రవికెను, నేత పావడాను రోజువారీ బట్టలుగానే కడుతున్నారు. ముందు బట్టను చదవడం నేర్చుకుని, ఆ తరువాతే కొనుగోలుకు దిగాలన్నది నా గట్టి అభిప్రాయం కనుక ఈ సూచనలను కూడా ఆ వరుసలోనే రాస్తున్నాను.

ప్రయాణానికి ముందు చేయవలసిన మొదటి పని మన దగ్గరే ఉంది. నెల్లూరు పక్కనున్న పాటూరుకో, తరతరాలుగా నెల్లూరు సీమ పేరుతోనే ముడిపడిన వెంకటగిరికో వెళ్ళి, ఒక పూటంతా గుంట మగ్గం దగ్గర కూర్చోండి. పడుగు (నిలువు పోగులు) ఎలా బిగుస్తుందో, నాడె అనే పనిముట్టు పేకను (అడ్డ పోగును) ఎలా తీసుకువెళుతుందో, జామ్‌దానీ బుటా కోసం విడి దారాన్ని పడుగు పోగుల మధ్య చేత్తో ఎలా చొప్పిస్తారో నిదానంగా గమనించండి. ఒకప్పటి ప్రకాశం జిల్లా చీరాలలో తేలియా రుమాళ్ళు అనే చదరపు గుడ్డలకోసం నూలును ముందే ముడులు కట్టి రంగులో ముంచే చిటికి పద్ధతి ఉండేది; దాని గురించి తెలిసిన పాత నేతగాళ్ళు దొరికితే అడిగి తెలుసుకోండి. గ్వాటెమాలాలో మీరు చూడబోయే రెండు ముఖ్యమైన పనితనాలకూ ఇవే పునాదులు.

వీసా విషయంలో ఢిల్లీలోని గ్వాటెమాలా రాయబార కార్యాలయం చెప్పే తాజా నిబంధనలనే ప్రమాణంగా తీసుకోవాలి. మనవారికి చెన్నై విమానాశ్రయమే దగ్గర. అక్కడినుంచి నేరుగా వెళ్ళే విమానం లేదు కనుక యూరప్ మీదుగానో, అమెరికా మీదుగానో మారాలి. అమెరికాలో విమానం మారేవారు విమానాశ్రయం దాటి బయటికి రాకపోయినా అక్కడి వీసా తీసుకోవలసిందేనన్న సంగతి టికెట్టు కొనకముందే గుర్తుంచుకోవాలి. మాడ్రిడ్ వంటి యూరప్ నగరాల మీదుగా వెళ్ళేవారు ట్రాన్సిట్ వీసా నియమాలు చూసుకోవాలి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడ వానలు తక్కువ. కెత్సల్తెనాంగో నగరం దాదాపు 2,330 మీటర్ల ఎత్తున, అంటే మన ఊటీ కంటే కొంచెం పైన ఉంది. సముద్రమట్టానికి దగ్గరగా, ఉక్కపోతలో పెరిగిన మనకు డిసెంబరు, జనవరి రాత్రులు గట్టి చలినే చూపిస్తాయి కాబట్టి ఉన్ని దుస్తులు తప్పనిసరి.

దేశంలో దిగగానే కొండలవైపు పరుగెత్తకుండా రాజధాని గ్వాటెమాలా నగరంలో ఒక పూట ఆగి, ఫ్రాన్సిస్కో మర్రోకిన్ విశ్వవిద్యాలయ ఆవరణలోని ఇష్చెల్ మ్యూజియం చూడాలి. ఈ మ్యూజియం పూర్తిగా మాయా దుస్తులకే కేటాయించినది. విపీల్ అనే రవికె, కోర్తె అనే చుట్టు పావడా, దాన్ని నడుముకు బిగించే ఫాహా అనే పట్టీ, తలమీదికీ మూట కట్టడానికీ బిడ్డను ఎత్తుకోవడానికీ కూడా పనికివచ్చే త్సుతె అనే చదరపు గుడ్డ, వీటిని ఊళ్ళవారీగా ఇక్కడ చూడవచ్చు. ప్రతి ఊరికీ తనదైన అల్లిక, తనదైన రంగుల పొందిక ఉన్నాయి. ఇవి ముందుగా కంటికి పరిచయమైతే, తరువాత సంతలో ఎదురైన స్త్రీ ఏ ఊరి నుంచి వచ్చిందో ఆమె రవికె చూసి పోల్చుకోగలుగుతారు.

అక్కడినుంచి పాత రాజధాని ఆంతిగ్వాకు, దాని పక్కనే ఉన్న శాన్ ఆంతోనియో ఆగ్వాస్ కలియెంతెస్ అనే ఊరికి వెళ్ళండి. ఈ ఊరి నేతలో పువ్వూ పిట్టా బట్టకు రెండువైపులా ఒకేలా కనిపిస్తాయి. ఏది ముందో ఏది వెనుకో తేల్చడం కష్టం. ఇక్కడి స్త్రీలు డబ్బు తీసుకుని కొన్ని గంటలపాటు నేత నేర్పుతారు. ప్రయాణంలో దేనికి ఖర్చు తగ్గించుకున్నా ఈ పాఠానికి మాత్రం తగ్గించుకోవద్దని నా సలహా.

అక్కడ నేర్పే నడుము మగ్గానికి చట్రం లేదు. పడుగు ఒక చివరను గుంజకో చెట్టుకో కడతారు. రెండో చివరనున్న కర్రకు ఒక పట్టీ తగిలించి, నేసే ఆవిడ దాన్ని తన నడుము వెనుకగా చుట్టుకుని నేలమీద మోకాళ్ళపై కూర్చుంటుంది. ఆమె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. అంటే గుంట మగ్గంలో గుంజలూ, బట్ట చుట్టుకునే దోనెలూ చేసే పనిని ఇక్కడ ఆమె శరీరమే చేస్తుంది. పోగులను కర్రతో విడదీసి, పేకను దాటించి, కత్తిలాంటి చెక్కబద్దతో దగ్గరకు కొడుతుంది. పూల దారాలను మాత్రం మన జామ్‌దానీలో లాగానే ఒక్కొక్కటిగా వేళ్ళతో చొప్పిస్తుంది. చేతులు సులువుగా అందే మేరకే బట్ట పన్నా వస్తుంది కనుక విపీల్‌ను రెండు లేదా మూడు పట్టాలుగా నేసి కుడతారు. పడుగును కత్తిరించకుండా చివరిదాకా నేసినప్పుడు ఆఖరి కొద్ది అంగుళాలలో కర్ర కూడా దూరదు. అక్కడ సూదితోనో సన్నని పుల్లతోనో ఒక్కొక్క పేకనూ ఎక్కించాలి. ఒక్క గంట ఆ పట్టీ నడుముకు కట్టుకుని చూస్తే, మంచి విపీల్‌కు నెలల కాలం ఎందుకు పడుతుందో మీ వెన్నెముకే చెబుతుంది.

ఇక సంతలు. వీటికి వారాలు ఉన్నాయి, మన ఊళ్ళ వారపు సంతలకు ఉన్నట్టే. చిచికాస్తెనాంగోలో గురు, ఆదివారాలు, సొలొలాలో మంగళ, శుక్రవారాలు, శాన్ ఫ్రాన్సిస్కో ఎల్ ఆల్తోలో శుక్రవారం, మొమొస్తెనాంగోలో ఆదివారం, అతిత్లాన్ సరస్సు ఒడ్డున ఉన్న సాంతియాగో అతిత్లాన్‌లోనూ శుక్రవారమే పెద్ద సంత. శుక్రవారం మూడు చోట్ల, ఆదివారం రెండు చోట్ల ఢీకొంటాయి కనుక ఇష్టం వచ్చినట్టు తిరిగితే సగం పోగొట్టుకుంటారు. సరస్సు ఒడ్డున పనహచెల్‌లో బస పెట్టుకుని, గురువారం చిచికాస్తెనాంగో చూసి, అదే సాయంత్రం కెత్సల్తెనాంగో చేరుకుని, శుక్రవారం శాన్ ఫ్రాన్సిస్కో, శనివారం సల్కహా, ఆదివారం మొమొస్తెనాంగో చూసుకుని, మంగళవారం తిరుగుదారిలో సొలొలాలో దిగడం నాకు అన్నిటికన్నా పొందికగా తోస్తుంది.

చిచికాస్తెనాంగోకు ముందురోజు రాత్రే చేరుకోగలిగితే ఇంకా మంచిది. తెల్లవారకముందే గుంజలు పాతి పరదాలు కట్టేవారిని, కొండ ఊళ్ళ నుంచి మూటలతో దిగేవారిని చూడవచ్చు. పర్యాటకుల వ్యాన్లు వచ్చేసరికి పొద్దెక్కుతుంది. 1540 ప్రాంతంలో కట్టిన సాంతో తోమాస్ చర్చి మెట్లమీద మాయా పూజారులు కోపాల్ అనే సాంబ్రాణి వంటి ధూపం వేస్తూ ప్రార్థిస్తారు. ఆ మెట్లు వారికి పూజాస్థలం. అక్కడ కూర్చుని సేద తీరకూడదు, లోపలికి పక్క ద్వారం గుండానే వెళ్ళాలి, లోపల ఫోటోలు తీయకూడదు. ఎక్కడైనా సరే, అడగకుండా మనుషుల ఫోటో తీయవద్దు, పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. విదేశీయులు పిల్లలను ఎత్తుకుపోతారన్న భయం ఈ కొండ ఊళ్ళలో ఒకప్పుడు ప్రాణాల మీదికి తెచ్చింది. 1960 నుంచి 1996 వరకు సాగిన అంతర్యుద్ధంలో ఈ ప్రాంతపు మాయా గ్రామాలు చెప్పలేనంత హింస చవిచూశాయి కనుక వారి జాగ్రత్తను మనం గౌరవించాలి.

సల్కహాను చాలామంది వదిలేసి వెళతారు. నేత తెలిసినవారు వదలకూడదు. కోర్తె పావడాలకు వాడే హాస్పె నూలును ఇక్కడ ముడులు కట్టి రంగు వేస్తారు. ముడి పడినచోట రంగు ఎక్కదు. విప్పి నేసినప్పుడు అక్కడ బొమ్మలూ కూజాలూ చెట్లూ తేలతాయి. వీధి పొడవునా నూలు చాచి ముడులు వేయడం చూస్తుంటే చీరాల చిటికి పని కళ్ళముందు కదలక మానదు. రెండు సముద్రాలకు అటూ ఇటూ ఉన్నవారు ఒకే ఉపాయాన్ని వాడుకలో పెట్టుకోవడం నాకు ఎప్పటికీ తరగని ఆశ్చర్యం. మొమొస్తెనాంగో ఉన్ని కంబళ్ళకు పేరు. వాటిని మగవారు కాలి మగ్గాలమీద నేసి, దగ్గరి వేడినీటి ఊటల్లో తొక్కి దళసరి చేస్తారు. శాన్ ఫ్రాన్సిస్కోలో మిల్లు దుస్తుల టోకు వ్యాపారమే ఎక్కువ. చేనేత కోసం కన్నా, ఊరి పైభాగాన జరిగే పశువుల సంత కోసం అక్కడికి వెళ్ళండి.

సరస్సు ఊళ్ళకు పనహచెల్ నుంచి పడవలు తిరుగుతాయి. మధ్యాహ్నం తరువాత షొకొమిల్ అనే గాలి లేచి నీళ్ళు ఎగసిపడతాయి కనుక పొద్దున్నే బయలుదేరండి. సాంతియాగో అతిత్లాన్‌లో విపీల్ మీద పిట్టలను సూదితో కుడతారు. అక్కడి ముసలమ్మలు పొడవైన నేత పట్టీని తలచుట్టూ వలయంగా చుట్టుకుంటారు, ఆ తలకట్టుతో ఉన్న స్త్రీ ముఖమే దేశపు 25 సెంతావోల నాణెం మీద ఉంది. శాన్ హువాన్ లా లగూనాలో స్త్రీల సహకార సంఘాలు ఆకులతో, బెరళ్ళతో, నీలితో, ఎర్ర రంగునిచ్చే కోచినీల్ పురుగుతో నూలుకు రంగు వేసి చూపిస్తాయి. గోధుమ రంగులోనే కాసే పత్తి కూడా అక్కడ చూడవచ్చు. అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ప్రకృతి రంగు ఉన్నదే అసలైన మాయా బట్ట అనుకోవడం పొరపాటు. అక్కడి స్త్రీలు తమకోసం నేసుకునేవి చాలావరకు రసాయన రంగుల, మెరిసే దారాల విపీళ్ళే. వెలసిన రంగులు కోరేది ఎక్కువగా బయటివారు.

కొనేటప్పుడు మొదట బట్టను తిరగేయండి. రెండువైపులా ఒకేలా ఉండే శాన్ ఆంతోనియో నేత మినహా, చేత్తో చొప్పించిన పూలకు వెనుకవైపు దారం అక్కడక్కడే మలుపు తిరిగి కనిపిస్తుంది. అచ్చు వేసిన నకిలీ విపీల్ అయితే వెనుక తెల్లగా, చదునుగా ఉంటుంది; ఇవి ఇప్పుడు ప్రతి సంతలోనూ ఉన్నాయి. తరువాత అంచులు చూడండి. నాలుగు వైపులా కత్తెర తగలని అంచు ఉంటే అది నడుము మగ్గం బట్టేనని నమ్మవచ్చు. పట్టాలు కలిపినచోట రాందా అనే రంగు కుట్టు ఎంత ఓపికగా వేశారో చూస్తే మిగతా పనితనం కూడా అర్థమవుతుంది. పాత విపీళ్ళను కత్తిరించి కుట్టిన సంచులు చవకగా దొరుకుతాయి. నాకు అవి నచ్చవు, నెలల పనిని ముక్కలు చేయడం మనసుకు రాదు.

బేరం ఆడవచ్చు, కానీ సగానికి సగం అడగడం ఇక్కడ మర్యాద కాదు. సహకార సంఘాల్లో ధర స్థిరంగా ఉంటుంది. వీలైనంతవరకు నేసినవారి చేతికే డబ్బు అందేచోట కొనండి. తమ నమూనాలను కంపెనీలు అడగకుండా వాడుకుంటున్నాయని మాయా నేత స్త్రీలు 2016లో దేశపు రాజ్యాంగ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. వెంకటగిరి చీరకు జి.ఐ. (భౌగోళిక సూచిక) గుర్తింపు ఎందుకు అవసరమైందో తెలిసిన మనకు ఆ పోరాటం ఎవరూ వివరించనక్కరలేదు.

తిండికి పెద్ద ఇబ్బంది లేదు. మొక్కజొన్న రొట్టెలు, నల్ల చిక్కుడు గింజలు, అరటి, అవకాడో ఎక్కడైనా దొరుకుతాయి. శాకాహారులు మాత్రం గింజలలో పందికొవ్వు కలిపారేమో అడిగి తీరాలి. చిన్న నోట్లు దగ్గర ఉంచుకోండి.

తెచ్చుకున్న బట్టను మొదటిసారి విడిగా, చల్లటి నీటిలో, ఒక మూల తడిపి రంగు దిగుతుందో లేదో చూసుకున్న తరువాతే ఉతకండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే మన కోస్తా తేమకు బూజు పడుతుంది. పాత నూలు పంచెలో చుట్టి, మడతలు మూడు నాలుగు నెలలకొకసారి మార్చి, వేపాకు బట్టకు నేరుగా తగలకుండా పక్కన ఉంచండి. ఏ ఊరిది, ఎవరు నేశారు, ఎంతకు కొన్నారు అన్నది ఒక చీటీ మీద రాసి బట్టతోపాటే దాచండి.