హెచ్. పైలోరీకి పరీక్ష, చికిత్స సరిగ్గా చేయించుకోవడం ఎలా?

పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోవడం చాలా ఇళ్లలో కాఫీలాంటి అలవాటైపోయింది. వేసుకుంటే మంట తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. నెలల తరబడి ఇదే వరస అయితే కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందేమో చూపించుకోవాలి.

అల్సర్‌కి, అంటే కడుపులో పుండుకి, కారం, టెన్షనే కారణమని ఒకప్పుడు డాక్టర్లు కూడా నమ్మేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో ఈ బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచగలిగారు. అయినా చాలామంది ఒప్పుకోలేదు. దాంతో 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగేసి, కొద్దిరోజుల్లో గ్యాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాపు) తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మనం మాత్రం ఇంకా ఆవకాయనే తిడుతున్నాం!

మొదట, పరీక్ష మీకు అవసరమా?

ఈ బ్యాక్టీరియా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఏ ఇబ్బందీ ఉండదు. అల్సర్ ఉన్నా, ఇంతకుముందు వచ్చినా, పైకడుపులో నొప్పి వదలకపోయినా, అమ్మానాన్నల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చినా డాక్టర్‌ని అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. అలాగని భయపడక్కర్లేదు, ఇది ఉన్నవాళ్లలో చాలా కొద్దిమందికే క్యాన్సర్ వస్తుంది. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులే మీ బాధ అయితే అది చాలావరకు వేరే సంగతి. ఈ బ్యాక్టీరియాను చంపినా అది తగ్గకపోవచ్చు.

విరేచనం తారులా నల్లగా అవుతున్నా, వాంతిలో రక్తం పడినా, బరువు తగ్గిపోతున్నా, ముద్ద దిగకపోయినా ఇవన్నీ ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తర్వాత, పరీక్షకు ముందు మాత్రలు ఆపడం

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు వాడుతూ వెళ్తే బ్యాక్టీరియా ఉన్నా లేదని రిపోర్టు రావచ్చు. వాటిని 2 వారాల ముందు, యాంటీబయాటిక్స్‌ని, బిస్మత్ అనే కడుపు మందుని 4 వారాల ముందు ఆపాలి. ఆపే ముందు డాక్టర్‌ని అడగాలి, పుండు నుంచి రక్తం పోయిన చరిత్ర ఉంటే మరీ ముఖ్యం.

శ్వాస పరీక్ష తేలిక. పరగడుపున వెళ్లి ఒకసారి ఊది, వాళ్లిచ్చే యూరియా కలిపిన ద్రవం తాగి, కాసేపాగి మళ్లీ ఊదాలి. బ్యాక్టీరియా ఉంటే ఆ యూరియాను విడగొడుతుంది, అందులోంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ మీ శ్వాసలో దొరికిపోతుంది. మల పరీక్ష కూడా నమ్మదగిందే. ఎండోస్కోపీ ఎలాగూ చేస్తుంటే కడుపు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. రక్తంలో యాంటీబాడీ పరీక్షకు మాత్రం డబ్బు దండగ: ఎప్పుడో వచ్చి పోయినా పాజిటివ్ అనే చూపించవచ్చు.

కోర్సు మధ్యలో ఆపకండి

మామూలుగా 14 రోజులు, ఆమ్లం తగ్గించే మాత్రతో పాటు రెండు యాంటీబయాటిక్స్, చాలాసార్లు బిస్మత్ కూడా ఇస్తారు. ఆ యాంటీబయాటిక్స్‌లో మెట్రోనిడజోల్ ఉంటే నోరు చేదుగా, లోహం రుచిగా ఉంటుంది. అది వాడుతున్నంతకాలం మద్యం ముట్టకూడదు. బిస్మత్‌తో నాలుక, విరేచనం నల్లబడతాయి, అది మందు రంగే. నాలుగోరోజుకే మంట తగ్గిందని మానేస్తే మిగిలిన బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. మన దేశంలో మెట్రోనిడజోల్‌కు లొంగని రకాలు ఇప్పటికే ఎక్కువ. ఒళ్లంతా దద్దుర్లొచ్చినా, వాంతులు ఆగకపోయినా డాక్టర్‌కి ఫోన్ చేసి మార్పించుకోవాలి.

చివరగా, పోయిందో లేదో చూడటం

కోర్సు అయ్యాక కనీసం 4 వారాలు ఆగి, మళ్లీ శ్వాస పరీక్షో మల పరీక్షో చేయించుకోవాలి. గ్యాస్ మాత్రలకు ఆ 2 వారాల నియమం ఇక్కడా వర్తిస్తుంది. ఇంకా ఉందని వస్తే అవే మందులు మళ్లీ వాడకుండా వేరే కలయిక ఇస్తారు, కాబట్టి పాత చీటీ జాగ్రత్తగా దాచి డాక్టర్‌కి చూపించండి.